వరి దుబ్బు మొదట్లో సుడిదోమ: క్లోజప్ ఫొటో కదలకుండా ఇంట్లోనే ఏం చేసుకోవచ్చు?

కోవూరు_వరి

అందరికీ నమస్తే. వరిలో దోమ (కాడ రసం పీల్చే చిన్న పురుగు) కనపడితే ఫొటో తీసి వ్యవసాయాధికారికి వాట్సాప్‌లో పంపాలి. పురుగు చూస్తే మూడు నాలుగు మిల్లీమీటర్లు. అది సుడిదోమా, తెల్లవీపు దోమా అని తేలాలంటే రెక్కలు మొదలయ్యే చోట వీపు మీద తెల్ల చార ఉందో లేదో స్పష్టంగా కనపడాలి. సరిగ్గా ఆ చార దగ్గరే ఫొటో అలుక్కుపోతోంది.

ఇబ్బందులు ఇవి. దోమ ఉండేది దుబ్బు అడుగున, నీటికి జానెడు ఎత్తు లోపలే. అక్కడ వెలుతురు తక్కువ. ట్రైపాడ్ కాళ్లు దమ్ము మట్టిలో దిగబడతాయి, పైగా అది మోకాలి ఎత్తు కన్నా కిందికి రాదు. చేత్తో పట్టుకుంటే ఊపిరి తీసినా ఫోకస్ పోతోంది. చేతిలో ఉన్నవి మామూలు ఫోన్ ఒకటి (అందులో 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా ఉంది), పాత కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్, దానితో వచ్చిన 18-55 లెన్స్. డ్రిల్లు, యాక్సా బ్లేడు, కటింగ్ ప్లేయరు ఉన్నాయి. ఖర్చు మొత్తం వెయ్యి దాటకూడదు. మాక్రో లెన్స్ కొనమని మాత్రం చెప్పొద్దు.

---

పెన్నా_మాక్రో

అన్నా, మాక్రో లెన్స్ కొన్నా నీ సమస్య తీరదు. ముందు అది ఎందుకో చూద్దాం, చేయాల్సిన వస్తువు ఏదో దాన్నిబట్టే తేలుతుంది.

నీ కెమెరా సెన్సార్ వెడల్పు దాదాపు 22 మి.మీ. స్కేలు మీద 22 మి.మీ. మేర ఫ్రేము నిండా కనపడిందంటే పురుగు సెన్సార్ మీద దాని అసలు సైజులోనే పడుతోందన్న మాట. ఆ సైజు దగ్గర అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/8 పెట్టినా ఫోకస్‌లో ఉండే మందం సుమారు 0.6 మి.మీ. మాత్రమే. రెట్టింపు సైజుకు పోతే అది పావు మిల్లీమీటరుకు పడిపోతుంది. నిలబడ్డ మనిషి ఒళ్లు ముందుకీ వెనక్కీ అంతకు ఎన్నో రెట్లు ఊగుతుంది. అంటే నీ ఫొటోల్లో సగానికి సగం చేతి వణుకు వల్ల చెడినవి కావు, దూరం మారి చెడినవి. లెన్స్‌లో ఉండే స్టెబిలైజర్ పట్టుకునేది కెమెరా పక్కకు, పైకి వంగే వణుకునే. ముందుకీ వెనక్కీ ఊగితే అది ఏమీ చేయలేదు. 2009లో వచ్చిన కెనాన్ 100 ఎంఎం ఎల్ మాక్రోలో పక్కకు జరిగే కదలికను కూడా సరిచేసే ఏర్పాటు పెట్టారు కానీ, ఈ ముందువెనకల ఊపుకు దాని దగ్గరా మందు లేదు.

రెండోది గాలి. దుబ్బు సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో కదిలిందనుకో, చూడ్డానికి అది కదలికే కాదు. 1/200 షట్టర్‌లో పురుగు 0.05 మి.మీ. జరుగుతుంది. 24 మెగాపిక్సెల్ సెన్సార్ మీద పిక్సెల్ 0.004 మి.మీ. కూడా ఉండదు. అంటే పన్నెండు పిక్సెళ్ల మేర అలికినట్టే. ట్రైపాడ్ రాయిలాగా నిలబడినా ఈ తప్పు పోదు, ఎందుకంటే కదిలేది మొక్క.

అందుకని కెమెరాను నేలకు బిగించడం మీద పెట్టే తిప్పలు మానేసి, కెమెరానూ మొక్కనూ ఒకదానికొకటి బిగించాలి. రెండూ కలిసి ఊగితే ఊగనీ, మధ్య దూరం మారకపోతే చాలు. దీనికి తీగ ఫ్రేము సరిపోతుంది. నీటి అడుగున వాడే నికోనోస్ కెమెరాలకు క్లోజప్ కోసం ఇలాంటి ఫ్రేమే ఇచ్చేవాళ్లు: ఫ్రేము లోపల పడింది ఫోకస్‌లో ఉన్నట్టే, వ్యూఫైండర్‌లో చూసే పనే లేదు.

ఫోన్‌కు ఇలా చేయి:

1. పాత గట్టి ప్లాస్టిక్ కవరు తీసుకో. మెత్తటి సిలికాన్ కవరు వద్దు, అది వంగుతుంది.

2. హార్డ్‌వేర్ షాపులో 10 గేజి జిఐ తీగ మీటరు కొను. మందం 3 మి.మీ. పైన ఉంటుంది. 14 గేజి సన్నం, కొన ఊగుతుంది.

3. 2 మెగాపిక్సెల్ మాక్రోను పక్కన పెట్టు. చాలా ఫోన్లలో దానికి ఫోకస్ మారదు, నాలుగు సెం.మీ. దగ్గర కదలకుండా ఉంటుంది, బొమ్మలో వివరం కూడా తక్కువ. మెయిన్ కెమెరా ముందు క్లిప్పు లెన్స్ పెట్టు. పెట్టె మీద +10 అని ఉంటే, ఫోన్ ఫోకస్ బాగా దూరపు వస్తువు మీద ఉన్నప్పుడు ఆ లెన్స్‌కు 10 సెం.మీ. దగ్గర వస్తువు స్పష్టంగా కనపడుతుంది. పవర్ తెలియకపోతే ఎండలో కాగితం మీద సూర్యుడి చుక్క పడేలా పట్టుకుని దూరం కొలువు, అదే లెక్క.

4. తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయి. లాక్ తీయకుండా, స్కేలును ఏటవాలుగా పెట్టి ఏ గీత దగ్గర స్పష్టంగా ఉందో చూడు. లెన్స్ నుంచి ఆ గీతకు ఉన్న దూరం రాసుకో. ఫ్రేములో స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లు కనపడుతున్నాయో అదీ రాసుకో.

5. తీగను కవరు వెనక రెండు వైపులా వచ్చేలా వంచి, కొలిచిన దూరం దగ్గర కొనలు 'యు' ఆకారంలో తిరిగేలా చేయి. 'యు' లోపలి వెడల్పు, ఫ్రేములో కనపడే వెడల్పు కన్నా 4 మి.మీ. ఎక్కువ ఉండాలి, లేకపోతే తీగే ఫొటోలో పడుతుంది.

6. కవరుకు గరుకు కాగితంతో గీతలు పడేలా రుద్ది, ఎం-సీల్ పెట్టి తీగను అతికించు. ఫెవిక్విక్ వద్దు, తీగ ఊగే చోట పెళుసుగా విరిగిపోతుంది. రాత్రంతా ఆరనివ్వు.

7. తీగ మొత్తానికి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టు. జిఐ తీగ మెరుపు పురుగు వీపు మీద తెల్ల గీతలా పడితే నువ్వు వెతికే చారకూ దానికీ తేడా తెలియదు. నీ పనికి ఇది చాలా ముఖ్యం.

వాడేటప్పుడు ఫోన్ తలకిందులు చెయ్. మెయిన్ కెమెరా పై మూలన ఉంటుంది కాబట్టి, తిప్పితే అది నీటికి రెండు మూడు వేళ్ల ఎత్తుకు వస్తుంది. ట్రైపాడ్ చేయలేని పని ఇది. మెడకు తాడు తప్పనిసరి.

'యు' రెండు కొమ్ములూ దోమ ఉన్న పిలకకు ఆనించొద్దు, పక్క పిలకకు ఆనించు. దోమకు అలికిడి తగిలితే కాడ చుట్టూ అవతలికి జరుగుతుంది. కాలిబాట తీసిన పొలమైతే (ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. ఉంటుంది గదా) అందులోంచే వంగు, దుబ్బుల మధ్య కాలు పెడితే నీళ్లు కదిలి అన్నీ ఊగుతాయి.

---

చీమకుర్తి_రాయి

పైన చెప్పింది పొలానికి సరైనదే. కాకపోతే చార తేలాల్సిన ఫొటోకు ఇంకో దారి ఉంది: దోమల్ని చిన్న సీసాలో పట్టుకొచ్చి ఇంట్లో తీయండి. వెలుతురు, గాలి రెండూ మన చేతిలో ఉంటాయి. దీనికి ఫోకస్ రైలు (కెమెరాను కొద్దికొద్దిగా ముందుకు జరిపే పట్టా) చేసుకోండి, ఐదారు వందల లోపు అయిపోతుంది.

అడుగున గ్రానైట్ ముక్క పెట్టండి. మా చీమకుర్తి వైపు గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ పలకలు కోసే చోట్ల పనికిరాని ముక్కలు గుట్టలుగా ఉంటాయి. 30 × 20 సెం.మీ., 2 సెం.మీ. మందం ఉన్న ముక్క మూడున్నర కిలోల దాకా తూగుతుంది. దాని కింద నాలుగు మూలలా పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికించండి, టేబుల్ అదురు పైకి రాదు. ముఖ్యమైన సంగతి: కెమెరా, పురుగు రెండూ అదే రాయి మీద ఉండాలి. కెమెరా రాయి మీద, పురుగు టేబుల్ మీద ఉంటే రాయి పెట్టి లాభం లేదు.

దాని మీద రైలు. వడ్రంగులు సొరుగులకు వేసే బాల్ బేరింగ్ ఛానల్ 10 అంగుళాల జత ఒకటి. 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు, ఒకటి కింద కదలకుండా, ఒకటి పైన జరిగేది. ఛానళ్లు రెండూ సరిగ్గా సమాంతరంగా ఉండాలి, ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా మధ్యలో పట్టేస్తుంది. ముందు ఒక ఛానల్ పూర్తిగా బిగించి, రెండోదాని స్క్రూలు వదులుగా పెట్టి, పైచెక్కను ఈ కొస నుంచి ఆ కొస దాకా నాలుగుసార్లు జరిపి, తర్వాత బిగించండి. అదే సర్దుకుంటుంది.

జరపడానికి 6 మి.మీ. త్రెడ్ రాడ్డు. మామూలు 6 మి.మీ. రాడ్డుకు మరకు మరకు మధ్య సరిగ్గా 1 మి.మీ. కాబట్టి ఒక చుట్టు తిప్పితే కెమెరా ఒక మిల్లీమీటరు జరుగుతుంది. 8 మి.మీ. రాడ్డు తీసుకుంటే చుట్టుకు 1.25 మి.మీ., లెక్కలో తికమక. పైచెక్కకు నట్టును ఎం-సీల్‌తో బిగించండి. రాడ్డు కిందిచెక్క చివర 'ఎల్' పట్టీలో, రెండు వైపులా నట్లూ వాచర్లతో, తిరుగుతుంది కానీ ముందుకు వెనక్కి జరగదు. చివర సీసా మూత బిగించి నాలుగు గుర్తులు పెట్టండి. ఒక్కో గుర్తు పావు మిల్లీమీటరు.

ఇందులో వచ్చే తప్పు ఒక్కటే: నట్టుకీ రాడ్డుకీ మధ్య సందు. దిశ మార్చినప్పుడు పావు చుట్టు దాకా తిప్పినా కెమెరా కదలదు. పైచెక్కను ఒకవైపుకు లాగుతూ గట్టి రబ్బరు బ్యాండు వేయండి, ఎప్పుడూ ఒకే దిశలో తిప్పండి.

ఫోకస్ మందం 0.6 ఉన్నప్పుడు 0.4 మి.మీ. చొప్పున, అంటే చుట్టులో ఐదింట రెండు వంతులు జరుపుతూ పోతే నాలుగు మిల్లీమీటర్ల దోమ అంతా పది పన్నెండు ఫొటోల్లో వస్తుంది. నాలుగు గుర్తుల మూతతో ఒక్కో గుర్తే తిప్పితే ఇంకా మేలు, ఫొటోలు పదహారు దాకా అవుతాయి. ఒక్కో ఫొటోలో ఒక్కో పొర స్పష్టంగా ఉంటుంది, వాటిని ఒకే ఫొటోగా కలపడానికి హగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఎన్‌ఫ్యూజ్ సరిపోతుంది. తీసేటప్పుడు ఫ్యాను ఆపండి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. ఇక్కడ మాత్రం స్టెబిలైజర్ ఆపేయాలి.

సముద్రం దగ్గర ఊళ్లలో రాడ్డు నెలలో తుప్పు పడుతుంది. కుట్టు మిషను నూనె గుడ్డతో తుడిచి పెట్టండి.

---

కందుకూరు_బోల్టు

కెమెరా కింద పట్టే బోల్టు గురించి ఎవరూ చెప్పలేదు. అది పావు అంగుళం, అంగుళానికి 20 మరలు. షాపులో "ఆరు ఎంఎం కూడా అదే" అని ఇస్తారు. అది అదే కాదు. వదులుగా ఎక్కి, రెండు చుట్ల తర్వాత పట్టేసి కెమెరా మర తినేస్తుంది. పావు అంగుళం విట్‌వర్త్ బోల్టు అడగండి, దానికీ అంగుళానికి 20 మరలే, కెమెరాకు బాగానే పడుతుంది. చెక్క పైకి బోల్టు 5 మి.మీ. కన్నా బయటికి రానివ్వొద్దు. ఎక్కువైతే యాక్సా బ్లేడుతో కోసి, కోసే ముందే ఒక నట్టు ఎక్కించి ఉంచండి. కోశాక ఆ నట్టు తిప్పి తీస్తే చెడిన మర దానికదే సరవుతుంది.

---

కోవూరు_వరి

పెన్నా అన్నా, రాయి అన్నా, చాలా ఉపయోగంగా ఉంది. రెండు అనుమానాలు. డీఎస్‌ఎల్‌ఆర్‌ను పొలంలో వాడాలంటే ఏ వస్తువు? దుబ్బు అడుగున చీకటిగా ఉంటే ఫ్రేము పెట్టినా షట్టర్ 1/30కి పడిపోతుంది గదా, దానికేంది దారి?

---

ఒంగోలు_వెలుతురు

రెండో ప్రశ్నకు ముందు. అక్కడ చీకటిగా ఉండడం నీకు మేలే. చీకట్లో ఫ్లాష్ వేస్తే ఫొటోను గీసేది ఫ్లాష్ ఒక్కటే, షట్టర్ కాదు. కెమెరా పైన ఉండే బుల్లి ఫ్లాష్‌ను పావు పవర్‌లో పెడితే వెలుగు వెయ్యో వంతు సెకను కన్నా తక్కువలో అయిపోతుంది. ఊగే దుబ్బు కూడా అక్కడ నిలబడ్డట్టే. కెమెరా మాన్యువల్‌లో 1/200, ఎఫ్/8, ఐఎస్‌ఓ 200 దగ్గర మొదలుపెట్టు. ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో తీసి చూడు, అది పూర్తిగా నల్లగా రావాలి. నల్లగా రాకపోతే బయటి వెలుతురు కూడా కలుస్తోందని, అంచుల్లో నీడలాంటి అలుకు వస్తుందని అర్థం. ఎఫ్/11 దాటొద్దు. ఇంత దగ్గరలో ఎఫ్/8 పనిచేసేదే ఎఫ్/16లాగా, ఇంకా మూస్తే ఫొటో మొత్తం మెత్తబడుతుంది.

లెన్స్‌కు 58 మి.మీ. రివర్స్ రింగు కొని తిరగేసి పెట్టు (పాత 18-55ల మీద ఫిల్టర్ సైజు 58, మూత లోపల రాసి ఉంటుంది, చూసుకో). తిరగేసినప్పుడు 55 దగ్గర తక్కువ పెద్దది, 18 వైపు పోయేకొద్దీ విపరీతంగా పెద్దది అవుతుంది. 35, 40 మధ్య మొదలుపెట్టి జూమ్ రింగు కదలకుండా టేపు వేయి. పురుగుకూ లెన్స్‌కూ మధ్య ఖాళీ నాలుగున్నర సెం.మీ. పైచిలుకే ఉంటుంది.

కెనాన్‌లో ఇంకో చిక్కు: లెన్స్ ఊడదీస్తే అపెర్చర్ పూర్తిగా తెరుచుకుంటుంది. ముందు లెన్స్ మామూలుగా పెట్టి, ఎఫ్/8 పెట్టి, డెప్త్ ప్రివ్యూ బటన్ (అపెర్చర్ మూసి చూపేది) నొక్కి పట్టుకునే, కెమెరా ఆన్‌లో ఉండగానే లెన్స్ తిప్పి ఊడదీయి. రేకులు ఎఫ్/8 దగ్గరే ఆగిపోతాయి.

ఇప్పుడు డిఫ్యూజర్, అంటే ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే తెర. పైనున్న ఫ్లాష్ వెలుగు అంత దగ్గరికి రాదు, లెన్స్ నీడ పురుగు మీద పడుతుంది. టూత్‌పేస్టు డబ్బాలాంటి పొడుగాటి అట్టపెట్టె కోసి, లోపల వంటింటి అల్యూమినియం రేకు అతికించి, ఫ్లాష్ నుంచి లెన్స్ కొన దాకా కిందికి వాలే తొట్టిలా చేయి. కొనన పెద్దగా తెరిచి బటర్ పేపర్ రెండు పొరలు వేయి, రెంటి మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ. ఆ ఖాళీ లేకుండా రెండు పొరలు కలిపి అతికిస్తే ఒక పొరకూ రెండు పొరలకూ పెద్ద తేడా ఉండదు. బటర్ పేపర్ తెర వెడల్పు కనీసం పది సెంటీమీటర్లు. దోమ రెక్కలు మెరుస్తాయి, తెర చిన్నదైతే రెక్క మీద తెల్ల చుక్క పడి చారను మింగేస్తుంది. తేమకు బటర్ పేపర్ ముడతలు పడితే, టీవీలకు చుట్టి వచ్చే తెల్ల ఫోమ్ షీటు వాడు.

ఫోన్‌కైతే చిన్న ఎల్‌ఈడీ లైటును అదే తీగ ఫ్రేముకు టేపుతో కట్టి, ముందు అదే బటర్ పేపర్. ఫొటోలో అడ్డ చారలు వస్తే లైటును పూర్తి వెలుగులో పెట్టు. చాలా లైట్లు వెలుగు తగ్గించడానికి వేగంగా ఆరి వెలుగుతుంటాయి, చారలు దానివల్లే.

---

పెన్నా_మాక్రో

మొదటి ప్రశ్నకు: డీఎస్‌ఎల్‌ఆర్‌కు పొలంలో మట్టిగుంజ చేసుకో. ముప్పావు అంగుళం పీవీసీ పైపు మీటరు, ఒక కొస ఏటవాలుగా కోసి మొనలా చెయ్. దమ్ము మట్టిలో దిగేసి, కింద గట్టి పొర తగిలేదాకా నొక్కి, ఇంకో నాలుగు వేళ్లు దించు. గట్టి పొర తగలకుండా ఆపితే బరువుకు మెల్లగా దిగుతూనే ఉంటుంది, ట్రైపాడ్‌కు పట్టిన గతే. పైకొసన మూత వేసి దాని మధ్యలో పావు అంగుళం బోల్టు అనుకుంటారు కానీ, అలా వద్దు. కెమెరా నీటి దగ్గరికి రాదు. పైపు పక్కన, కావలసిన ఎత్తులో రెండు పైపు క్లాంపులతో 'ఎల్' పట్టీ బిగించి, బోల్టు దానికి పెట్టు. క్లాంపు వదులు చేస్తే కెమెరా పైకీ కిందికీ జరుగుతుంది. బరువుకు జారకుండా క్లాంపు లోపల సైకిల్ ట్యూబు ముక్క.

దూరం కోసం, 3 మి.మీ. అల్యూమినియం పట్టీ ఒకటి అదే బోల్టు కింద నుంచి ముందుకు తెచ్చి, కొనన బట్టల క్లిప్పు బిగించి పిలకను పట్టించు. పట్టీ పొడుగు స్కేలుతో ముందే చూసుకుని కోయాలి. అప్పుడు దుబ్బు ఊగినా క్లిప్పు పట్టిన ఆ పిలక ఊగదు. క్లిప్పు నోట్లో స్పాంజి ముక్క అతికిస్తే కాడ నలగదు.

గట్టు మీది పురుగులకు గుంజ అక్కర్లేదు, సంచి చాలు. పాత జీన్స్ కాలు 25 సెం.మీ. కోసి, రెండు పొరలు కుట్టి, ముప్పావు వంతు నింపు. పూర్తిగా నింపితే దిండులా ఉబ్బి కెమెరా దొర్లుతుంది. ఇసుక వద్దు, కుట్టులోంచి రాలి జూమ్ రింగులోకి పోతుంది. బియ్యం పురుగు పడుతుంది, వానకు తడిస్తే వాసన. పీవీసీ వస్తువులు చేసే చోట దొరికే ప్లాస్టిక్ గుళికలు కిలో తెచ్చుకో, తడిసినా ఏం కాదు.

---

పొదిలి_మిర్చి

మా వైపు మిర్చి పూలల్లో నల్ల తామర పురుగుకు ఇదే గొడవ, కానీ అది మిల్లీమీటరే ఉంటుంది కాబట్టి పై ఫ్రేములు చాలవు. పూత మీద నేరుగా తీయాలని చూడొద్దండీ. పువ్వును తెల్ల కాగితం మీద దులిపి, రాలిన వాటిని తీయండి. నల్ల పురుగు తెల్ల కాగితం మీద తేటగా కనపడుతుంది, గాలి సమస్యా ఉండదు.

వ్యవసాయాధికారుల దగ్గర ఉండే 10 రెట్ల భూతద్దం ఫోన్ లెన్స్‌కు ఆనించి పెడితే చాలు. దాని ఫోకస్ దూరం దాదాపు 25 మి.మీ. అంత ఎత్తున్న ప్లాస్టిక్ మాత్రల డబ్బా అడుగు కోసేసి, భూతద్దం దాని మూతిలో కూర్చునేలా చేసి, మూతి పైకి ఉండేలా కాగితం మీద నిలబెట్టి, పైన ఫోన్ ఆనించండి. డబ్బా తెల్లగా, పలచగా ఉంటే అదే డిఫ్యూజర్ కూడా, ఎండ దానిలోంచి నలువైపులా చల్లగా దిగుతుంది. ఎత్తు తక్కువైతే కింద అట్ట ముక్కలు వేసి సరిచేసుకోండి. ఎక్కువైతే గరుకు కాగితం మీద డబ్బా అడుగును రుద్దుతూ కొంచెం కొంచెంగా తగ్గించండి. ఒకేసారి కోస్తే తప్పక తప్పుతుంది.

పురుగు పరిగెడుతుంటే కాగితాన్ని పదినిమిషాలు ఫ్రిజ్‌లో డబ్బాలో పెట్టి తీయండి. చలికి మందగిస్తుంది, రెండు మూడు నిమిషాల వ్యవధి దొరుకుతుంది.

---

కోవూరు_వరి

అక్కా, ఆ డబ్బా ఉపాయం సుడిదోమకు కూడా పనికొస్తుందా? దోమ 4 మి.మీ. ఉంటుంది, ఫ్రేములో పడుతుందా?

---

పొదిలి_మిర్చి

పడుతుంది. కాకపోతే దుబ్బును తట్టి, నీళ్ల మీద కాకుండా తెల్ల పళ్లెంలోకి రాల్చుకోండి. తడి దోమకు రెక్కలు అతుక్కుపోయి చార కనపడదు. రెక్కలు పొట్టిగా ఉన్నవి, పిల్లలు కూడా పడతాయి, వాటిని వదిలేసి పొడుగు రెక్కల పెద్దవాటినే తీయండి, చార వాటిలోనే తేలిగ్గా తెలుస్తుంది. పక్కన మిల్లీమీటర్ల స్కేలు ముక్క ఒకటి కనపడేలా పెట్టి పంపితే చూసేవాళ్లకు సైజు కూడా తెలుస్తుంది.

---

ఒంగోలు_వెలుతురు

ఒక్క మాట కలుపుతా. తీసే వేళ కూడా సాధనమే. పొద్దున ఎనిమిదింటి లోపు పొలంలో గాలి దాదాపు ఉండదు. పదకొండు దాటాక సముద్రపు గాలి అందుకుంటే మన కోస్తా మండలాల్లో క్లిప్పు పట్టిన పిలక కూడా అదురుతుంది, అప్పుడు ఫ్లాష్ తప్ప వేరే దారి లేదు. పొద్దున మంచు బిందువులు దోమ మీద ఉంటే మాత్రం ఫ్లాష్‌కు మెరుస్తాయి, అవి ఆరేదాకా ఆగు.